ఆ నటుడికీ ఆటిజమేనా?

మొన్న దసరా సెలవుల్లో కడపలోని మా ఇంటికి బంధువులందరూ వచ్చిన ఒక సాయంత్రం, మా మరిది తన ఫోనులో ఒక వీడియో తెచ్చి నా ముందు పెట్టాడు. తెలుగువారందరికీ తెలిసిన ఒక కథానాయకుడి ఇంటర్వ్యూల నుంచి చిన్నచిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాని వెనుక ఒకటి అతికించి, ప్రతి ముక్క మీదా ఎర్ర బాణం గుర్తు వేసి, ఈయన ఎదుటివారి కళ్ళలోకి చూడరు, మాటలో హెచ్చుతగ్గులుండవు, వేళ్ళు ఊరికే కదుపుతుంటారు, వేడుకలకు రారు, కాబట్టి ఈయనకు ఆటిజం ఉండవచ్చునని చెప్పే వీడియో అది. "సూడొదినా, ఈయన కూడా మనోడి మాదిరే ఉండాడు. అయినా ఎంత పెద్ద హీరో అయినాడో సూడు. నువ్వు ఊరికే బాధపడతాంటావు," అన్నాడు. అతను ఆ మాట మా మీది ప్రేమతోనే అన్నాడని నాకు తెలుసు. ఆ నటుడి పేరు మాత్రం నేను ఇక్కడ రాయను. రాస్తే ఆ వీడియోకు నేనూ ఒక ముక్క అతికించినట్టే అవుతుంది.

మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఆటిజం అని తేలినప్పుడు వాడికి నాలుగున్నరేళ్ళు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈ పదేళ్ళలో వాడి గురించి ఎన్నో రాయాలనుకుని ఆగిపోయాను గానీ, ఆ సాయంత్రం తరువాత ఈ ఒక్క విషయం రాయకుండా ఉండలేకపోతున్నాను.

నిజం చెప్పాలంటే ఆ వీడియో చూసిన తొలి క్షణంలో నాకు సంతోషమే కలిగింది. వాడికి ఆటిజమని తేలిన కొత్తలో, ఇల్లంతా నిద్రపోయిన తరువాత, నేనూ ఇలాంటివే వెతికేదాన్ని. ఆటిజం ఉన్న గొప్పవాళ్ళు ఎవరు, నటులెవరు, శాస్త్రవేత్తలెవరు అని పేర్లు చూసుకుంటూ రాత్రి రెండింటి దాకా కూర్చునేదాన్ని. పిల్లవాడు పెద్దవాడైతే ఎలా ఉంటాడో ఊహకు అందనప్పుడు, అలాంటి పెద్దమనిషి ఒక్కరైనా ఎక్కడో ఒకచోట కనిపించాలని తల్లి మనసు వెతుక్కుంటుంది. అందువల్ల ఈ ఊహాగానాలు చేసేవారందరినీ ఒకే గాటన కట్టి తప్పుపట్టడం నాకు చేతకాదు. వారిలో సగం మంది ఒకప్పటి నాలాంటివారే అయి ఉంటారు.

కానీ ఆ వీడియోలో చూపిన గుర్తులను ఒక్కొక్కటిగా తీసుకుని ఆలోచిస్తే నిలబడేది ఒక్కటీ లేదు. కళ్ళలోకి చూడకపోవడమే తీసుకోండి. మా సీమ ఇళ్ళలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడితే, "ఏంరా, కండ్లల్లోకి సూసి మాట్లాడతాండావే" అని కసురుతారు. తల వంచుకుని మాట్లాడటం మాకు మర్యాద. మా బడిలో ప్రధానోపాధ్యాయుల గదిలోకి వచ్చే పిల్లలలో నూటికి తొంభై మంది నేల చూపులే చూస్తారు. వారందరికీ ఆటిజమని ఏ బాణం గుర్తు వేద్దాం? ఇక సినిమా విడుదలకు ముందు ఇచ్చే ఇంటర్వ్యూల సంగతి మనకు తెలియనిది కాదు. ఒకే హోటలు గదిలో, ఒకే కుర్చీలో, కళ్ళలో పడే దీపాల వెలుగులో, ఒకరి వెనుక ఒకరు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతుంటే, సాయంత్రానికి ఎవరి గొంతులోనైనా హెచ్చుతగ్గులు మాయమవుతాయి. కొందరికి బిడియం స్వభావం. కొందరికి తెలుగు సరిగా రాదు కాబట్టి ప్రతి మాటా మనసులో కూర్చుకుని మాట్లాడతారు. కొందరికి వినికిడి తక్కువ. మరికొందరికి ఆ రోజు ఇంట్లో ఏ కష్టం వచ్చిందో మనకేం తెలుసు?

పైగా వారు నటులు. బయటికి కనిపించేదానిని లోపలిదానికి భిన్నంగా మలచుకోవడమే వారి విద్య. మా సీమలోని తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ పగలు న్యాయవాదిగా నల్లకోటు వేసుకుని, రంగస్థలం మీద మరో మనిషిగా నిలబడి దేశాన్ని మెప్పించారు. అటువంటి విద్య నేర్చినవారి ముఖాన్ని ఫోనులో పది సెకన్లు చూసి, వారి మెదడు ఎలా పనిచేస్తుందో చెప్పగలమనుకోవడం ఆ విద్యను కూడా చిన్నచూపు చూడటమే.

మా అబ్బాయి విషయం తేల్చడానికి ఎంత సమయం పట్టిందో చెబితే ఈ తేడా మరింత తెలుస్తుంది. మూడేళ్ళు దాటినా వాడు "అమ్మా" అనకపోతే, మా అత్తగారు "వాళ్ళ నాయనకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చినాయి లేమ్మా" అని నాకు ధైర్యం చెబుతూనే, దేవుని కడప వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు, పెద్ద దర్గాలో తాయెత్తు కట్టించారు. మేము చూపించిన తొలి వైద్యుడు వాడిని రెండు నిమిషాలు చూసి, మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, ఫోను ఇవ్వకండి, అని పంపేశారు. ఆ రెండు నిమిషాల మాటను నమ్మి మేము ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. ఆ తరువాత సికిందరాబాదు వెళ్ళినప్పుడు రెండు రోజులు కూర్చోబెట్టారు. కడుపుతో ఉన్నప్పటి సంగతుల దగ్గర మొదలుపెట్టి, మెడ ఎప్పుడు నిలిపాడు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడా, కావలసినది వేలితో చూపించేవాడా, మీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడా, బొమ్మ కారును నడిపేవాడా లేక తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చునేవాడా అని అడిగారు. వాడి చెవులు పరీక్షించారు. వాడితో నేల మీద కూర్చుని ఆడారు. నన్ను గదిలో నుంచి బయటికి పంపి, మళ్ళీ రమ్మని, నేను వచ్చినప్పుడు వాడేం చేశాడో రాసుకున్నారు. మన దేశంలో ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి వాడే కొలమానాన్ని సికిందరాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసింది. 2009లో విడుదలైన ఆ కొలమానంలో 40 అంశాలుంటాయి. ఒక్కొక్క అంశానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదని లెక్క.

ఆ నలభై అంశాలలో కళ్ళలోకి చూడకపోవడం ఒకే ఒక్కటి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆటిజం అని నిర్ధారించాలంటే ఆ లక్షణాలు పసితనం నుంచే ఉండి తీరాలి, అవి రోజువారీ జీవితంలో ఆ మనిషికి నిజమైన ఇబ్బంది కలిగిస్తూ ఉండాలి. ఒక కథానాయకుడి పసితనాన్ని మనలో ఎవరం చూశాం? షూటింగు ముగించి ఇంటికి వెళ్ళాక ఆయన తలుపు వేసుకుని ఎంతసేపు చీకట్లో కూర్చుంటారో, లేక పిల్లలతో హాయిగా ఆడుకుంటారో ఎవరికి తెలుసు? తెలియవలసిన రెండు సంగతులూ తెరకు అవతలే ఉన్నాయి.

నటులలో ఆటిజం ఉన్నవారు లేరని నేను అనడం లేదు, ఉండి తీరతారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన లెక్క ప్రకారం, వారు పరిశీలించిన ప్రాంతాలలోని ఎనిమిదేళ్ళ పిల్లలలో 31 మందికి ఒకరిలో ఆటిజాన్ని గుర్తించారు. సినిమారంగం మాత్రం ఆ లెక్కకు బయట ఎలా ఉంటుంది? ఉన్నారని నమ్మడం వేరు, ఫలానావారే అని వేలు చూపడం వేరు. నేను వద్దంటున్నది ఆ రెండవదానిని.

తమ నోటితో తాము చెప్పుకున్నవారు కొందరున్నారు. వారి మాటలు వింటే మనం బయటి నుంచి ఊహించేవాటికీ లోపల జరిగినవాటికీ ఎంత దూరమో అర్థమవుతుంది. హాలీవుడ్ నటి డారిల్ హానా 1980లలో పెద్ద తార. ఆమె సినీ వేడుకలకు రాకపోవడం, టీవీ ముచ్చట్లలో కనిపించకపోవడం చూసి, అందగత్తె అనే గర్వమని అనుకున్నవారు ఉండే ఉంటారు. 2013లో ఆమె స్వయంగా చెప్పినది వేరు. చిన్నప్పుడే తనకు ఆటిజమని వైద్యులు తేల్చారని, మందులు వాడాలని, ఆశ్రమంలాంటి చోట చేర్చాలని తల్లికి సలహా ఇచ్చారని, తల్లి అందుకు ఒప్పుకోక తనను కొంతకాలం జమైకాకు తీసుకువెళ్ళిందని, పెద్దయ్యాక వేడుకలకు వెళ్ళనిది పొగరు వల్ల కాదని, భయంతో వణికిపోయేదాన్నని ఆమె చెప్పారు. పసితనంలో తనను తాను ఊరడించుకోవడానికి ముందుకూ వెనక్కూ ఊగేదాన్నని కూడా అన్నారు. ఆ మాట చదివిన రోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. మా వాడు ఊగుతుంటే చుట్టాల ముందు వాడి భుజాలు పట్టుకుని ఆపిన రోజులన్నీ నాకు గుర్తుకొచ్చాయి.

వెంట్‌వర్త్ మిల్లర్ అనే నటుడు 2021 జులైలో తన సంగతి తానే రాశాడు. అంతకుముందు ఏడాది, అంటే నలభై ఎనిమిదేళ్ళ వయసులో, తనకు ఆటిజమని తేలిందని చెప్పాడు. అది తనకు ఆశ్చర్యమేమీ కలిగించలేదని, నిర్ధారణ చేయించుకునే అవకాశం చాలామందికి అందని భాగ్యమని, ఈ విషయం గురించి తనకు ఇంకా తెలిసింది తక్కువ కాబట్టి తెలిసీ తెలియకుండా గొంతు పెంచి మాట్లాడదలచుకోలేదని రాశాడు. తన గురించి తానే మాట్లాడటానికి అంత వెనకాడిన మనిషి అతను. హాలీవుడ్ హాస్యనటుడు డాన్ ఏక్రాయిడ్ కూడా తన సంగతి బయటపెట్టినవాడే. దయ్యాల మీద, పోలీసు వ్యవహారాల మీద తనకున్న విపరీతమైన ఆసక్తి నుంచే 1984లో తన ప్రసిద్ధ హాస్యచిత్రం ఘోస్ట్‌బస్టర్స్ పుట్టిందని ఆయన చెప్పాడు.

ఆంథనీ హాప్కిన్స్ సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. ఒక స్క్రిప్టును రెండు వందల సార్లకు పైగా చదివి గాని సెట్టులోకి అడుగుపెట్టని నటుడిగా ఆయనకు పేరు. ఒకప్పుడు ఆటిజానికి దగ్గరి స్థితిగా విడిగా పేరు పెట్టి చెప్పిన ఆస్పర్జర్ స్థితి తనకు ఉందని తేలినట్టు 2017లో ఆయనే చెప్పారు. 2025లో మాత్రం ఇటువంటి పేర్ల మీద తనకు నమ్మకం లేదని కొట్టిపారేశారు. అమెరికా హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ 2014 నవంబరులో ఒక టీవీ ముఖాముఖిలో, బాగా సాగదీసి చూస్తే తానూ ఆటిజం పరిధిలోనే ఉన్నాననుకుంటున్నానని అన్నాడు. మనుషుల మధ్య మెలగడం తనకు కష్టమని, ఎదుటివారి మాటలను ఉన్నదున్నట్టుగా తీసుకుంటానని చెప్పాడు. కొన్ని వారాలు గడిచాక, తనకు ఆటిజం లేదని, దాని గురించిన ఒక నాటకం చూసి ఏదో పోలిక కనిపించి అలా అన్నానని సర్దుకున్నాడు. పుట్టినప్పటి నుంచి తన మనసులోనే కాపురమున్న మనిషే తన గురించి ఒకసారి అవునని, ఒకసారి కాదని అంటుంటే, కత్తిరించిన ముక్కలు చూసి మనం తీర్పు చెప్పడానికి ఏ ఆధారం ఉంది?

ఆస్పర్జర్ అనే మాట ఇక్కడ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ 1944లో కొందరు పిల్లల గురించి రాసిన వ్యాసాన్ని ఆధారం చేసుకుని, 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు ఆ పేరును వాడుకలోకి తెచ్చారు. ఆమె కూతురికి ఆటిజం ఉండేది. 2013 నుంచి అమెరికా మనోవైద్యుల గ్రంథంలో ఆ పేరును విడిగా ఉంచకుండా ఆటిజం పరిధిలోనే కలిపేశారు. ఒక తల్లి పడిన తపన ఆ పేరు వెనుక ఉన్నదని తెలిసినప్పటి నుంచి నాకు లోర్నా వింగ్ అంటే ప్రత్యేకమైన గౌరవం.

దూరం నుంచి నిర్ధారణ చేయడం వైద్యులే చేసి తలదించుకున్న సందర్భం ఒకటి ఉంది. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన బారీ గోల్డ్‌వాటర్ మానసికంగా ఆ పదవికి తగునా అని ఒక పత్రిక 12,356 మంది మనోవైద్యులను అడిగింది. జవాబిచ్చిన 2,417 మందిలో 1,189 మంది తగడన్నారు. వారెవరూ ఆయనను పరీక్షించలేదు. ఆయన ఎన్నికలలో ఓడినా, పత్రిక మీద వేసిన పరువునష్టం దావాలో గెలిచాడు. తాము స్వయంగా పరీక్షించని, తమకు అనుమతి ఇవ్వని మనిషి మానసికస్థితి గురించి వైద్యుడు బహిరంగంగా అభిప్రాయం చెప్పరాదని 1973లో అక్కడి మనోవైద్యుల సంఘం నియమం పెట్టుకుంది. చదువుకున్న వైద్యులకే అంత కట్టుబాటు అవసరమైతే, ఫోను చేతిలో ఉన్న మనకు ఇంకెంత కావాలి?

సినిమా మన కళ్ళకు ఆటిజం బొమ్మను ఎలా గీసి ఇచ్చిందో కూడా చెప్పాలి. మా వాడికి ఆటిజమని తెలిసిన ప్రతి కొత్త మనిషీ కాసేపటికి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ తారీఖు ఏ వారమో చెప్తాడా?" వాడు చెప్పడు. ఆ ప్రశ్న వెనుక 1988లో వచ్చిన రెయిన్ మ్యాన్ చిత్రం ఉంది. ఆ సినిమా చూడనివారి దాకా కూడా ఆ బొమ్మ చేరిపోయింది. డస్టిన్ హాఫ్‌మన్‌కు ఆస్కార్ తెచ్చిన, అందులోని ఆటిజం ఉన్న మనిషి పాత్రలోని అసాధారణ జ్ఞాపకశక్తికి ప్రేరణ సాల్ట్ లేక్ సిటీకి చెందిన కిమ్ పీక్ అనే ఆయన. వేల పుస్తకాలు ఆయనకు కంఠస్థం. అయితే ఆయనది ఆటిజం కాదని, జన్యు సంబంధమైన మరో స్థితి కావచ్చునని వైద్యులు తరువాతి కాలంలో భావించారు. ఆటిజం అనగానే లోకం తలచుకునే ఆ అద్భుత జ్ఞాపకశక్తి, ఆటిజం ఉన్నదో లేదో తెలియని ఒక మనిషి నుంచి వచ్చిందన్నమాట. దానితో మా వాడిని కొలిచి, తారీఖులు చెప్పలేదని నిరాశపడి వెళ్ళిపోయినవారిని నేను చాలామందిని చూశాను.

ఇక నా గుండెలో ముల్లులా ఉన్న రెండు సంగతులు. ఒకనాడు మధ్యాహ్న భోజనం వేళ మా బడి వరండాలో నడుస్తుంటే, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మరొకడిని "పోరా ఆటిజం గా" అని పిలవడం విన్నాను. పిలిపించుకున్నవాడు కొంచెం మెతకగా, ఎవరితోనూ కలవకుండా ఉండే పిల్లవాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావురా అని అడిగితే, ఒక నటుడి పేరు చెప్పి, ఆయనకు నటన రాకపోవడానికి అదే కారణమని ఫోనులో చూశానన్నాడు. వెనుకటి కాలంలో మొద్దు, పిచ్చోడు అనే మాటలుండేవి. వాటి స్థానంలో కొత్త తిట్టు దొరికింది. పదేళ్ళుగా మేము ఎంతో కష్టపడి, సిగ్గుపడకుండా నలుగురి ముందూ పలకడం నేర్చుకున్న మాట అది.

రెండవది సదరం శిబిరంలో జరిగింది. దివ్యాంగుల ధ్రువపత్రం కోసం సచివాలయంలో స్లాటు తీసుకుని, ఉదయం ఏడు గంటలకే వెళ్ళి వరుసలో కూర్చున్నాం. 1995 నాటి చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం వచ్చాకనే 21 రకాల వైకల్యాలలో అదీ చేరింది. మా వాడు రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని, పైకప్పుకున్న ఫ్యాన్లను లెక్కపెడుతున్నాడు. వాటిలో ఒకటి కిర్రుకిర్రుమంటోంది. అది కిర్రుమన్న ప్రతిసారీ వాడి భుజాలు పైకి లేస్తున్నాయి. పక్కన కూర్చున్న ఒకాయన వాడిని చూసి, ఏమిటని అడిగి, నేను చెప్పగానే, "ఓ, అదా? అది పెద్ద పెద్ద హీరోలకే ఉందంట కదమ్మా, దానికి సర్టిఫికెట్ ఎందుకు?" అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. కానీ నా బిడ్డ ఇప్పటికీ చొక్కా గుండీలు పెట్టుకోలేడని, దుస్తుల లోపలి లేబులు ఒరుసుకుంటే రక్తం వచ్చేలా గోకుతాడని, నేను లేని రోజున వాడికి ఎవరు అన్నం పెడతారోనని తెల్లవారుజామున మెలకువ వస్తుందని ఆయనకు ఎలా చెప్పను? ఒక హీరోకు ఉందట అనే పుకారు, ఉందో లేదో తెలియకుండానే, మా కష్టాన్ని ఒక్క మాటతో తుడిచేసింది. ఆటిజం అందరిలో ఒకేలా ఉండదని, కొందరికి కొంచెం సాయం చాలని, కొందరికి జీవితమంతా తోడు కావాలని చెప్పడానికే కదా దానిని స్పెక్ట్రమ్ అనడం.

ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనసు తెలియదని, కాబట్టి వారు నటులు కాలేరని వాదించేవారూ ఉన్నారు. అదీ సరికాదు. తానూ ఆటిజంతో జీవిస్తున్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక మంచి మాట చెప్పారు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని, వారికి మనం ఎంత అర్థం కామో మనకు వారూ అంతే అర్థం కారని ఆయన వాదన. మా ఇంట్లో ఇది రోజూ చూస్తాను. మా వాడు సొంతంగా వాక్యం కూర్చడం తక్కువ. విన్న మాటలనే మళ్ళీ పలుకుతాడు, అదే గొంతుతో, అదే విరుపుతో. దీనిని ఎకోలాలియా అంటారు. వాడికి కడప ఆర్టీసీ బస్టాండంటే ప్రాణం. అక్కడి మైకులో వినిపించే ప్రకటన వాడికి కొట్టినపిండి. చుట్టాలందరూ నవ్వి, వీడు మంచి నటుడవుతాడనేవారు. స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి మాత్రం, వాడు ఆ మాట ఎప్పుడంటున్నాడో రాసిపెట్టమంది. నెల రోజులు ఒక నోటుపుస్తకంలో రాశాను. పెళ్ళిలో బ్యాండు మొదలైనప్పుడు, మంగలి దుకాణంలో యంత్రం చెవి దగ్గరికి వచ్చినప్పుడు, ఇంట్లో నలుగురు ఒకేసారి మాట్లాడినప్పుడు. "ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అంటే, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపొమ్మని. మూడేళ్ళుగా వాడు మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మాకే వినడం రాలేదు.

నేను రాత్రులు వెతుక్కున్న ఆ పెద్దమనిషి నాకు చివరికి సినిమాలలో దొరకలేదు. రెండేళ్ళ క్రితం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో తల్లిదండ్రుల సమావేశానికి ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి తన కొడుకుతో వచ్చింది. అతనికి ముప్పై దాటి ఉంటాయి. జిరాక్సు అంగడిలో పని చేస్తాడట. ఆ రోజు మాకు పంచవలసిన కాగితాలను ఎవరూ చెప్పకుండానే తన ముందుకు లాక్కుని, ఒక్కొక్క కట్టను బల్ల మీద నిలబెట్టి, నాలుగు అంచులూ అరచేతితో తట్టి సమం చేసి, మూలన ఒకే కోణంలో పిన్ను కొట్టాడు. నేను పక్కన కూర్చుని, ఈ పని నీకిష్టమా నాయనా అని అడిగాను. కాగితాల మీది నుంచి చూపు తిప్పకుండానే, "మిషన్ శబ్దం ఒకే మాదిరి ఉంటాది. మనుషుల శబ్దం మారతాంటాది," అన్నాడు. అంతకన్నా బాగా ఎవరూ నాకు నా కొడుకు గురించి చెప్పలేదు.

దసరా సాయంత్రం సంగతికి వస్తాను. మా మరిది వీడియో చూపిస్తున్నప్పుడు, అతని పిల్లలు, మా ఆడబిడ్డ, మా ఆయన అందరూ చుట్టూ చేరి, అవునంటే కాదని, ఆ నటుడి గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఫోను నుంచి వచ్చే సంగీతం వేరే. మా అత్తగారు లోపలి నుంచి కేకేస్తున్నారు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడిన మా వాడు, చెవులు మూసుకుని, మైకులో ఆడగొంతు ఎలా పలుకుతుందో అచ్చం అలాగే, ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని ప్రకటించాడు. అందరూ నవ్వారు. నేను మా మరిదికి ఆ మాటకు అర్థం చెప్పాను. అతను ఒక్క నిమిషం ఏమీ అనలేదు. ఫోను ఆపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళి, మీద చెయ్యి వేయకుండా రెండడుగుల దూరంలో నిలబడి, మెల్లగా, "ఏ ప్లాట్‌ఫారం, నాయనా?" అని అడిగాడు.

"నాలుగు," అన్నాడు మా వాడు.

ఇద్దరూ మేడ మెట్లెక్కి పైకి వెళ్ళారు.